“బాగానే ఉన్నది గదా!”: పిల్లల వేడుకల్లో ప్రాణుల మీద ఒక సంవాదం

పిల్లల వేడుకల్లో బతికున్న జంతువుల వాడకం మూడు తీర్లుగా ఉంటుంది. మొదటిది ఆట: కోతి, పాము, గుర్రం వంటివి వచ్చి ఏదో చేసి చూపిస్తాయి, లేదా పిల్లలను వీపున ఎక్కించుకుని తిప్పుతాయి. రెండోది ముట్టుడు: కుందేలునో కోడిపిల్లనో పిల్లల చేతికిచ్చి ఫొటోలు తీస్తారు. మూడోది కానుక: ఇంటికి వెళ్లే పిల్లలకు రిటర్న్ గిఫ్టుగా రంగు కోడిపిల్లనో ప్లాస్టిక్ గ్లాసులో చేపనో ఇస్తారు. మొదటి దాని మీద చట్టం చాలాకాలంగా ఉంది. మిగిలిన రెండింటి మీద చర్చ ఇప్పుడిప్పుడే మొదలైంది.

నారాయణఖేడ్ సంగారెడ్డి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా మెదక్ జిల్లాలో ఉండేది. హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైమాట. కర్ణాటక సరిహద్దు అంతకంటే చాలా దగ్గర. చుట్టూ పత్తి, కంది చేలు, లంబాడా తండాలు. తొట్టెల, పుట్టెంట్రుకలు, మొదటి పుట్టినరోజు, ధోతి ఫంక్షన్ వంటివి ఇంటి వాకిట్లోంచి ఫంక్షన్ హాలుకు మారిన చిన్న పట్టణాలలో ఇదొకటి. ఇలాంటి చోట ఈ విషయం మీద వినిపించే రెండు వాదాలను ఇక్కడ ఇద్దరి నోట పెట్టడమైంది. ఒకరు ఫంక్షన్లు ఒప్పుకునే నిర్వాహకుడు, మరొకరు రిటైరైన పశువైద్యుడు. వీరు ఫలానా మనుషులు కారు, రెండు పక్షాలు. శాస్త్రచర్చల ఆనవాయితీ ప్రకారం ముందు పూర్వపక్షం.

పూర్వపక్షం

నిర్వాహకుడు: డాక్టర్ సాబ్, ముందుగాల నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులు ఏమడుగుతరో ఇనుండ్రి. బెలూన్లు అందరు కడుతున్నరు, కేకు అందరు కోస్తున్నరు, మా పిల్లగాని ఫంక్షన్ల కొత్తగ ఏముంటదని అడుగుతరు. నాలుగు కుందేళ్లు, పది కోడిపిల్లలు, ఒక చిన్న గుర్రం తెచ్చి పెడితే పిల్లలు ఫోను మొకం చూడరు. రెండు గంటల పని. కొట్టేది లేదు, తిట్టేది లేదు. గడ్డి ఏస్తం, నీళ్లు పెడ్తం. అంత అయినంక చూస్తే బాగానే ఉన్నది గదా!

డాక్టరు: ఆ ఆఖరి మాట కాడనే మనకు పేచీ తమ్మీ. బాగానే ఉన్నదని నీకెట్ల తెలిసింది?

నిర్వాహకుడు: అరవలే, కరవలే. పిల్ల చేతుల పెడితే కదలకుండ కూసున్నది. భయమైతే ఉరకదా?

ఈ ప్రశ్నకు జవాబు ఒక్కో ప్రాణికి ఒక్కోలా ఉంటుంది. కుక్క భయపడితే అరుస్తుంది, పిల్లి గీరుతుంది. కుందేలు మాత్రం చాలాసార్లు సప్పుడు చెయ్యదు.

కుందేలు: కదలకపోవడమే భయం

కుందేలు ఎన్నో జంతువులకు ఆహారమయ్యే ప్రాణి. అలాంటి జాతులు నొప్పిని, నీరసాన్ని బయటికి కనబడనివ్వవు. కనబడితే నక్కకైనా గద్దకైనా ముందు చిక్కేది అదే. పారిపోయే దారి ఉంటే కుందేలు ఉరుకుతుంది. దారి మూసుకుపోతే బిగుసుకుపోతుంది. వెల్లకిలా తిప్పి ఒడిలో పెట్టుకుంటే అసలే కదలదు. నిద్రపోయిందని పిల్లలకు చెబుతుంటారు. అది నిద్ర కాదు, చచ్చినట్టు పడి ఉండి ప్రాణం కాపాడుకునే చర్య.

దగ్గరగా చూసేవారికి గుర్తులు దొరుకుతాయి. చెవులు వెనక్కి వాలి వీపుకు అంటుకుపోతాయి. కళ్లు ఉబ్బి, అంచున తెలుపు కనిపిస్తుంది. ఎప్పుడూ అదిరే ముక్కు మరీ వేగంగా అదురుతుంది, లేదా ఉన్నట్టుండి ఆగిపోతుంది. మామూలుగానే నిమిషానికి 180 నుంచి 300 సార్లు కొట్టుకునే గుండె అది. అరచేయి దాని పక్కటెముకల మీద పెడితే దడ విడిగా తెలియదు, ఒకటే వణుకులా తగులుతుంది.

ఎముకల సంగతి మరొకటి. కుందేలు ఒంటి బరువులో ఎముకలు 7–8 శాతమే. అదే పిల్లిలో 12–13 శాతం ఉంటాయి. ఎముక తేలిక, వెనక కాళ్ల కండ బలం ఎక్కువ. ఐదేళ్ల పిల్లవాడు ముందు కాళ్ల కింద చేతులు పెట్టి ఎత్తినప్పుడు వెనక కాళ్లు గాలిలో వేలాడతాయి. అప్పుడు గట్టిగా తన్నుకుంటే కుందేలు తన నడుమును తానే విరగ్గొట్టుకోగలదు. చెవులు పట్టి ఎత్తడం ఇంకా తప్పు. ఒక చేయి రొమ్ము కింద, మరో చేయి పిరుదుల కింద పెట్టి ఒంటికి ఆనించుకోవడమే సరైన పద్ధతి.

డాక్టరు: ఇంకోటి విను. కుందేలు కడుపు ఆగకుండ నడవాలె, అందుకే అది దినమంత నములుతనే ఉంటది. బెదిరితే పేగుల కదలిక మందగిస్తది, మేత మానేస్తది. ఒక్క దినం పట్టించుకోకపోతే ప్రాణం మీదికొస్తది. నీ ఫంక్షన్ ఆదివారం. అది మేత మానేది సోమవారం. నీ లెక్కల అది ఫంక్షన్ల సావనే లేదు.

నిర్వాహకుడు: సరే సార్. పిల్లల చేతికి ఇయ్యం. మా మనిషే పట్టుకుంటడు, పిల్లలు ఏలితోని ముట్టి పోతరు. అట్లయితే?

డాక్టరు: మునుపటి కంటే నయం. కానీ ఒక పని చెయ్యి. దాక్కునేటందుకు ఒక డబ్బ పెట్టు. బుద్ధి పుడితే అది బయటికొస్తది. రాకపోతే ఆ పూట ముట్టుడు లేదు.

నిర్వాహకుడు: డబ్బల దాక్కున్న కుందేలుకు పైసలెవరిస్తరు సార్?

వాదం ఇక్కడ అసలు ముడి దగ్గరికి చేరింది. జంతువుకు తప్పుకునే వీలు ఉంటే వినోదానికి హామీ ఉండదు. హామీ ఇవ్వాలంటే ఆ వీలు తీసేయాలి. నిర్వాహకుడి ప్రశ్నలో దాపరికం లేదు, అందుకే దానికి బరువు ఉంది.

రంగు కోడిపిల్లలు: మూడు రోజుల గడువు

జాతరల్లో, సంతల్లో, బడి గేట్ల దగ్గర గంపలో పెట్టి అమ్మే గులాబీ, పచ్చ, నీలం రంగుల కోడిపిల్లలు తెలుగు పిల్లలందరికీ తెలిసినవే. వీటిలో ఎక్కువ భాగం గుడ్ల కోళ్ల జాతికి చెందిన మగపిల్లలు. ఇవి గుడ్డు పెట్టవు, మాంసానికి తగినట్టు త్వరగా ఎదగవు. అందుకని హ్యాచరీలో మొదటి రోజే ఆడా మగా వేరుచేసి మగవాటిని పక్కన పెట్టేస్తారు. అక్కడినుంచి కారు చౌకగా వచ్చిన పిల్లల మీద రంగు జల్లితే అది ఆటవస్తువు అవుతుంది. ఇప్పుడది కొన్ని వేడుకల్లో రిటర్న్ గిఫ్టుగా మారింది.

కోడిపిల్ల పొదిగిన 21వ రోజున బయటికి వస్తుంది. వచ్చే ముందు గుడ్డులో మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. ఆ సొన దానికి రెండు మూడు రోజుల తిండి. గూట్లో గుడ్లన్నీ ఒకేసారి పగలవు. ముందు పుట్టినవి చివరి గుడ్డు పగిలేదాకా ఆకలికి తాళుకోవాలి కాబట్టి ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. ఒకరోజు వయసున్న కోడిపిల్లలను మేత, నీళ్లు లేకుండా డబ్బాల్లో దూరాలకు పంపగలగడానికి కారణం కూడా ఇదే. అందువల్ల వేడుక రోజున కోడిపిల్ల హుషారుగా కీచుమంటూ తిరుగుతుంది. సొన అయిపోయే వేళకు అది ఏదో ఇంట్లో అట్టపెట్టెలో ఉంటుంది.

వెచ్చదనం దానికి తిండితో సమానం. మొదటి వారంలో 32 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి, ఆ తర్వాత వారానికి కొంత తగ్గించుకుంటూ పోవాలి. తల్లికోడి రెక్కల కింద అది దొరుకుతుంది, ఫారంలో బల్బుల కింద దొరుకుతుంది. సంగారెడ్డి జిల్లాలో డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీల కిందికి దిగే రోజులున్నాయి. గుడ్డ కప్పిన అట్టపెట్టె ఆ చలిని ఆపదు. మూడో రోజో నాలుగో రోజో తెల్లవారి చూస్తే పిల్ల రెక్కలు వాల్చి, కళ్లు మూసి, పక్కకు ఒరిగి ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే కాళ్లు చల్లగా తగులుతాయి. ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందంటారు, పిల్లి చూసిందంటారు.

నిర్వాహకుడు: అవి హ్యాచరీలనే సచ్చేటియి సార్. మేం తెచ్చినం కాబట్టి నాలుగు దినాలు ఎక్కువ బతికినయి. దీంట్ల మా పాపమేమున్నది?

డాక్టరు: తీసిపారేసే మాట కాదిది. హ్యాచరీల జరిగేది కూడ తప్పే. జర్మనీ 2022 జనవరి 1 నుంచి మగపిల్లలను చంపుడు బందు చేసింది. గుడ్డుల ఉన్నప్పుడే ఆడో మగో తేల్చే మిషన్లు వాడుతున్నరు. కానీ నువ్వు ఇచ్చింది నాలుగు దినాల బతుకు కాదు తమ్మీ, నాలుగు దినాల సావు. ఒకని తప్పు మీద ఇంకొకని తప్పు పెడితే కొట్టివేత కాదు, కూడిక.

ఈ అంశంలో నిర్వాహకుడు తిరిగి వాదించలేదు. పెంచే ఏర్పాటు, పెంచాలనే కోరిక ఉన్నవారికి తప్ప ప్రాణిని కానుకగా ఇవ్వకూడదన్న మాట దగ్గర ఇద్దరూ కలిశారు. ప్లాస్టిక్ గ్లాసులో చేపకూ ఇదే వర్తిస్తుంది.

గుర్రం: బరువు కాదు, సప్పుడు

బరాత్‌కు వచ్చే గుర్రమే ధోతి ఫంక్షన్ ఊరేగింపుకూ వస్తుంది, పుట్టినరోజున పిల్లలను తిప్పడానికీ వస్తుంది. ఇక్కడ నిర్వాహకుడి పక్షానికి బలం ఉంది. బండి లాగే, బరువు మోసే పశువుల గురించి 1965లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం పొట్టి గుర్రం మీద 70 కిలోల దాకా మోపు వేయవచ్చు. పాతిక కిలోల పిల్లవాడు దానికి భారం కాడు.

డాక్టరు: బరువు సంగతి నువ్వు గెలిచినవ్. అదే నిబంధనల మిగతావి కూడ చదువు. దినానికి తొమ్మిది గంటలకు మించి పని చెప్పొద్దు. ఐదు గంటలకు మించి ఏకబిగిన చెప్పొద్దు. ఎండ 37 డిగ్రీలు దాటే జాగల పగటిపూట పన్నెండు నుంచి మూడు దాకా అసలే చెప్పొద్దు. ముండ్ల కళ్లెం పెట్టొద్దు. మన దిక్కు ముహూర్తాలన్ని ఏప్రిల్, మే నెలలల్నే గదా!

నిర్వాహకుడు: అవన్ని పాటిస్తం సార్. సాయంత్రమే పెడ్తం.

డాక్టరు: మరి డీజే?

గుర్రం మనిషికి వినిపించని సన్నని ధ్వనులను కూడా వింటుంది. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగితే గుర్రం చెవి 33 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టాయి. ఊరేగింపు బాక్సుల దగ్గర ఈ హద్దు ఎక్కడా నిలవదు. గుర్రం స్వభావరీత్యా బెదిరితే పారిపోయే జంతువు. పారిపోకుండా నోట్లో కళ్లెం, పక్కన మనిషి, ముందు పటాకులు. అది తల ఎగరేయడాన్ని, ఉన్న చోటే కాళ్లు మార్చడాన్ని డాన్సు చేస్తోందని చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. కళ్లెం లాగినప్పుడల్లా నోటి మూలలకు తగిలే నొప్పి, సిమెంటు రోడ్డు మీద నాడాలు జారుతాయన్న బెరుకు ఆ డాన్సులో భాగాలే. బెదిరిన గుర్రం తన్నితే మొదట తగిలేది వెనక గుమిగూడిన పిల్లలకు.

గుర్రం తాగే నీళ్లు రోజుకు పాతిక లీటర్ల పైమాట. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. హైదరాబాద్ నుంచో బీదర్ నుంచో వ్యానులో తెచ్చిన గుర్రానికి దారిలో నీళ్లు దొరికాయా, దిగాక ఎంతసేపు నీడలో నిలబెట్టారు అన్నవి ఫంక్షన్ హాలులో ఎవరికీ కనిపించవు. వేడుక రెండు గంటలు. గుర్రానికి ఆ రోజు ప్రయాణం, ఎదురుచూపు కలిపి పది పన్నెండు గంటలు.

చట్టం: టికెట్ ఉన్న చోట, లేని చోట

భారతదేశంలో జంతు హింస నిరోధక చట్టం 1960లో వచ్చింది. దాని వెనక రాజ్యసభ నామినేటెడ్ సభ్యురాలు, నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ పట్టుదల ఉంది. ఆమె తెచ్చిన ప్రైవేటు బిల్లు తర్వాత ప్రభుత్వమే చట్టం చేస్తానని ఒప్పుకుంది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు.

ఈ చట్టంలోని ఐదో అధ్యాయం జంతువులను ఆడించడం గురించి. ఆడించేవారు, తర్ఫీదు ఇచ్చేవారు నమోదు చేసుకోవాలి. కొన్ని జంతువులను అసలే ఆడించకూడదని కేంద్రం నోటిఫై చేయవచ్చు. ఆ విధంగా 1998 అక్టోబరు 14న ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం జాబితాలో చేరాయి. సర్కస్ యజమానుల అభ్యంతరాన్ని తోసిపుచ్చుతూ 2001లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2011లో ఎద్దు కూడా చేరింది. పాము, రామచిలకల కథ వేరు. అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోవి. రామచిలకను పంజరంలో పెట్టుకోవడమే నేరం. అందుచేత పిల్లల వేడుకకు పాములాయనను, కోతులాడించే ఆయనను పిలిచే విషయంలో వాదానికి చోటే లేదు.

నిర్వాహకుడు: నేను అవి తేను సార్. కుందేలు, కోడి, గుర్రం... వీటి మీద నిషేధం లేదు గదా?

నిషేధం లేదన్నది నిజం. ఇంకో మెలిక కూడా ఉంది. ఐదో అధ్యాయంలో ‘ప్రదర్శన’ అన్న మాటకు చట్టం ఇచ్చిన అర్థం: టికెట్ అమ్మి ప్రజలను రానిచ్చే వినోదం. పుట్టినరోజుకు టికెట్ ఉండదు, పిలుపు ఉంటుంది. కనుక సర్కస్‌ను పట్టుకునే నమోదు నిబంధన ఫంక్షన్ హాలు గడప దగ్గర ఆగిపోతుంది.

11వ సెక్షన్ మాత్రం టికెట్‌తో పని లేకుండా అంతటా వర్తిస్తుంది. కొట్టడం, శక్తికి మించి పని చెప్పడం, బాధ కలిగేలా తరలించడం, కదలడానికి చాలని పంజరంలో పెట్టడం, యజమాని అయి ఉండి మేత, నీరు, నీడ ఇవ్వకపోవడం, ఇవన్నీ నేరాలే. శిక్ష చూస్తే మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. జంతువును చంపినా అవిటిదాన్ని చేసినా 2024 జులై నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు.

నిర్వాహకుడు: యాభై రూపాయల జుర్మానా! బెలూన్ ప్యాకెట్ రాదు గదా సార్ దానికి.

డాక్టరు: అందుకే చట్టం మీద నేను ఎక్కువ ఆశ పెట్టుకోను. గాయమైనంక వచ్చే చట్టం అది. గాయం నీ ఫంక్షన్ల కనబడదని ఇందాకటి సంది చెప్తున్న.

ఈ లోటును వేరే దేశం పూడ్చిన తీరు గమనించదగ్గది. ఇంగ్లండ్‌లో 2018 అక్టోబరు 1 నుంచి అమలైన లైసెన్సు నిబంధనలు పిల్లల పార్టీలకు జంతువులను తిప్పే వ్యాపారాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నాయి. స్థానిక కౌన్సిల్ దగ్గర లైసెన్సు ఉండాలి. ఇచ్చే ముందు తనిఖీ జరగాలి. టికెట్ ఉందా అన్నది కాకుండా, వ్యాపారంగా చేస్తున్నారా అన్నది అక్కడ కొలమానం. మన దగ్గర పెంపుడు జంతువులు అమ్మే దుకాణాలకు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు తప్పనిసరి చేస్తూ 2018లో నిబంధనలు వచ్చాయి. అద్దెకు తిప్పేవారికి కూడా అలాంటి నమోదు ఉండాలన్నది డాక్టరు వాదం. నిజాయితీగా చేసేవారికి అది మేలే అని నిర్వాహకుడు ఒప్పుకున్నాడు.

గంగిరెద్దు, మాంసం: రెండు ఎదురు ప్రశ్నలు

నిర్వాహకుడు: రెండు మాటలు అడుగుత, కోపం చెయ్యకుండ్రి. సంక్రాంతికి గంగిరెద్దు ఇంటి ముందలికొస్తే దండం పెడ్తం, చాటల బియ్యం పోస్తం. అది తల ఊపితే మనకు మంచి శకునం. నా కుందేలుకు మాత్రం కేసా? రెండో మాట. ఫంక్షన్ల నాలుగు యాటలు కోస్తరు. వాటికి లేని దయ, ముట్టి వదిలిపెట్టే కుందేలుకేనా?

డాక్టరు: రెండూ అడగవలసినయే. గంగిరెద్దును చిన్నప్పటి సంది ఒక్కడే సాకుతడు. అతడు తినకున్న దానికి మేత పెడ్తడు. అది ఎరిగిన చెయ్యి అది. నీ కుందేలు ఒక్క సాయంత్రం నలభై మంది ఎరగని చేతులల్ల పడతది. ఫరక్ అక్కడున్నది. అట్లని గంగిరెద్దుకు బాధే లేదని నేననను. ముక్కుతాడు ముక్కుతాడే, తర్ఫీదుల దెబ్బ దెబ్బే. దండం పెట్టినంత మాత్రాన నొప్పి తగ్గదు.

మాంసం ప్రశ్నకు చట్టంలోనే ఒక జవాబు ఉంది. ఆహారం కోసం జంతువును వధించడాన్ని 11వ సెక్షన్ నేరం కాదంటుంది, అనవసరమైన బాధ కలగనంత వరకు. అంటే తినేవారికి కూడా బాధ విషయంలో మినహాయింపు లేదు. అవసరం ఎంత, బాధ ఎంత అన్న తూకం రెండు చోట్లా ఉంటుంది. ఆకలికి ఒక బరువు ఉంది. రెండు గంటల సరదాకు అంత బరువు లేదు. 2014 మే 7న జల్లికట్టు కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ తూకాన్నే వాడింది. ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పి, జబ్బు, భయం లేకుండా ఉండటం, సహజ నడవడికకు వీలుండటం అనే ‘ఐదు స్వేచ్ఛల’ను మన చట్టంలో భాగంగా చదివింది. 1976లో రాజ్యాంగంలో చేరిన 51-ఎ (జి) అధికరణం ప్రాణుల పట్ల దయను పౌరుల విధిగా చెబుతుంది. తర్వాత రాష్ట్రాలు చట్టాలు సవరించుకోగా 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం జల్లికట్టును అనుమతించింది. సంప్రదాయం ఎంతవరకు మినహాయింపు కావాలన్న చర్చ దాంతో తెగిపోలేదు.

పిల్లలు: నేర్చుకునేది, అంటించుకునేది

పిల్లలు జంతువుకు దగ్గరైతేనే దయ పుడుతుందన్నది నిర్వాహకుడి పక్షంలో అన్నిటికంటే మంచి వాదం.

నిర్వాహకుడు: బొమ్మల చూస్తే ప్రేమ పుడుతదా సార్? ముట్టాలె, వాసన చూడాలె. అపార్ట్‌మెంటుల పెరిగే పోరగాండ్లకు మేకకు బర్రెకు తేడా తెల్వదు.

డాక్టరు: హైదరాబాద్‌ల అయితే ఒప్పుకుంటుంటి. ఇది ఖేడ్ తమ్మీ. ఊరు దాటితే తండా, తండాల మేకపిల్లలు, బర్రెదూడలు. వ్యాను కిరాయికి పెట్టి కుందేలును తెచ్చుడెందుకు, పిల్లలనే దొడ్డికాడికి తోల్కపోతే సరిపాయె. దూడకు తల్లి పక్కనే ఉంటది. వద్దనుకుంటే అది నడిచి పోతది. అది నడిచి పోవుడు చూసుడే పిల్లలకు అసలు చదువు.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ప్రతి ఏడూ సంక్రాంతి నుంచి నెల రోజులు జరిపే పాత పంటల జాతరలో విత్తనాలు నింపిన ఎడ్లబండ్లు అలంకరించి ఊరూరా తిప్పుతారు. అక్కడ పిల్లలు ఎడ్లను చూస్తారు. అవి రోజూ చేసే పని చేస్తూ, ఎరిగిన మనుషుల మధ్య కనిపిస్తాయి.

ఆరోగ్యం మాట కూడా ఉంది. కోడిపిల్లలు చూడటానికి శుభ్రంగా ఉన్నా వాటి రెట్టలో, ఈకల మీద సాల్మొనెల్లా ఉండవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలకు వాటిని పట్టుకోనివ్వవద్దని వైద్యుల సలహా. 2009లో ఇంగ్లండ్‌లోని సర్రేలో పిల్లలు జంతువులను ముట్టుకునే గాడ్‌స్టోన్ ఫారం నుంచి ఈ.కోలై ఓ157 సోకి 93 మంది జబ్బుపడ్డారు. వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలు. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కుందేలును ముట్టిన చేతితోనే కేకు తినే చోట ప్రమాదం ఇంకా దగ్గర. ముట్టిన తర్వాత సబ్బుతో చేతులు కడిగించడం, తిండి బల్లలను దూరంగా పెట్టడం తప్పనిసరి.

ఉపాధి

నిర్వాహకుడు: సరే, అన్నీ బందు. మరి గుర్రమాయన ఏం తినాలె? గుర్రమేం తినాలె?

ఈ ప్రశ్నకు ఎలుగుబంట్ల ఉదంతం కొంత దారి చూపుతుంది. ఖలందర్లు తరతరాలుగా ఎలుగుబంట్లను ఆడించి బతికారు. ఎలుగు వీపు మీద కూర్చోబెడితే పిల్లలకు భయం పోతుందని తెలుగు పల్లెల్లోనూ తల్లులు పైసలిచ్చి ఎక్కించేవారు. ఆ ఎలుగు ముక్కుకు వేడి చువ్వతో చిల్లు పొడిచి తాడు వేసేవారని, కోరలు ఊడబెరికేవారని వారికి తెలియదు. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ ప్రభుత్వాలతో కలిసి ఆరు వందలకు పైగా ఎలుగులను తీసుకుంది. ఇచ్చినవారికి వేరే జీవనానికి పెట్టుబడి, పిల్లలకు చదువు ఏర్పాటు చేసింది. 2009 డిసెంబరులో చివరిదైన ‘రాజు’ బెంగళూరు దగ్గర బన్నేరుఘట్ట చేరింది. నిషేధం కాగితం మీద 1998లోనే ఉంది. ఆట నిజంగా ఆగింది మనుషులకు ఇంకో దారి దొరికాకే.

డాక్టరు దీన్ని తన పక్షానికి చెప్పుకున్నా, నిర్వాహకుడు ఇందులో తన మాటే ఎక్కువ ఉందన్నాడు. దారి చూపకుండా ఆపమనడం కుదరదన్నదే అతని మాట.

పిల్లలకు జంతువు మీద ఉండే మోజు తీర్చడానికి బతికున్నది రావాల్సిన పని లేని కళలు తెలుగునాట ఉన్నాయి. పీర్ల పండుగకు ఒంటినిండా పసుపు, నలుపు చారలు పూసుకుని, తోక ఊపుతూ దప్పుకు అడుగేసే పులివేషగాడిని చూసి పిల్లలు కేకలు పెట్టి ఉరుకుతారు, మళ్లీ దగ్గరికొస్తారు. పగటివేషాలు, తోలుబొమ్మలు, పక్షుల కూతలు పలికే మిమిక్రీ కళాకారులు ఉన్నారు. ఫంక్షన్ బయానా వీరికి వెళ్తే ఒక ఉపాధి పోయిన చోట మరొకటి నిలబడుతుంది. పులివేషం కట్టినవాడు అలిసిపోతే కూర్చుంటాడు, నీళ్లడుగుతాడు, ఇంకో గంట అంటే ఎక్కువ పైసలడుగుతాడు.

ఒప్పందం, మిగిలిన భేదం

ఇద్దరూ ఒప్పుకున్నవి ఇవి. కోతి, పాము, రామచిలక, ఎలుగుబంటి వేడుకకు రాకూడదు. ప్రాణి రిటర్న్ గిఫ్ట్ కాకూడదు. గుర్రం వస్తే ఎండ తగ్గాక, డీజేకు దూరంగా, ముండ్ల కళ్లెం లేకుండా, నీళ్లూ నీడా చూసుకుని రావాలి. జంతువులను అద్దెకు తిప్పేవారికి నమోదు, తనిఖీ ఉండాలి. జంతువు జబ్బుపడితే తెలంగాణలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. హింస జరుగుతుంటే పోలీసులకు, జిల్లా జంతుహింస నివారణ సంఘానికి చెప్పవచ్చు.

తెగనిది కుందేలు సంగతి. సరైన మనిషి పట్టుకుని, తక్కువసేపు, తక్కువమంది పిల్లలతో నడిపితే చాలని నిర్వాహకుడు అంటాడు. దాక్కునే డబ్బా పెట్టనంతవరకు అది చాలదని డాక్టరు అంటాడు. ఇద్దరి మధ్య ఒక షరతు మాత్రం కుదిరింది: ఇకమీదట ఏ ఫంక్షన్‌కు కుందేలు వెళ్లినా, మర్నాడు అది మేత తిన్నదీ లేనిదీ చూసి, మూడు రోజుల దాకా రాసిపెట్టాలి. ‘బాగానే ఉన్నది’ అన్న మాట ఆ మూడో రోజు తర్వాతే చెప్పాలి.